ధనియాల బీరు సంగతి

బావా,

నువ్వు వదిలేసి వెళ్ళిన నల్ల గొడుగు ఇంకా గుమ్మం పక్కనే ఉంది. వానలు మొదలయ్యాయి, నేనే వాడుకుంటున్నాను, అడగలేదని అలగకు. నీ కరివేపాకు మొక్క బాల్కనీలో రెండు చిగుళ్ళు వేసింది. మిగతా కబుర్లు తరవాత, ముందు బీరు సంగతి చెప్పాలి.

"మళ్ళీ మొదలెట్టాడు" అంటున్నావా? అను. ఒక రుచి నచ్చితే దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వందే నాకు నిద్ర పట్టదని నీకంటే ఎవరికి తెలుసు?

శుక్రవారం సాయంత్రం టోక్యోలో అకిహబరా దగ్గర దిగి మాన్సేయిబషి వైపు నడిచాను. పాత స్టేషను ఎర్ర ఇటుకల కమానులుంటాయే, వాటి కింద హితాచినో బీరు వాళ్ళ దుకాణం. "బీరంటే చల్లగా ఉంటే చాలు" అంటూ నువ్వు నన్నెప్పుడూ దాటించేసిన చోటే. ఈసారి నువ్వు లేవుగా, లోపలికి వెళ్ళి మూడు రకాలు చిన్న గ్లాసుల్లో తీసుకుని కూర్చున్నాను.

మొదటిది వైట్ ఏల్. గోధుమ కలిసిన బీరు, అందులో ధనియాలు, జాజికాయ, నారింజ తొక్క. "ధనియాలు చారులోకి గానీ బీరులోకా?" అంటావని తెలుసు. చారులో మనం వేయించిన ధనియాలు వేస్తాం. వేయించకముందు వేళ్ళ మధ్య నలిపితే నిమ్మతొక్కలాంటి వాసన వస్తుంది చూడు, గ్లాసు ముక్కు దగ్గరికి తెస్తే అదే వాసన. బీరులో ధనియాలు వేయడం బెల్జియం పద్ధతే. అయినా నాకు మాత్రం పోపులపెట్టె మూత తీసినట్టే అనిపించింది.

రెండోది ఎర్రబియ్యంతో చేసింది. రంగు లేత గులాబీ, వాసనలో పండు తీపి, తాగితే మాత్రం ఒంట్లో వేడి. అన్నం తినే వాళ్ళ ఊళ్ళో పుట్టిన బీరని చెప్పకుండానే తెలుస్తుంది. ఈ హితాచినో బీర్లు కాచేది కియుచి వాళ్ళు, ఇబరాకిలోని నకాలో 1823 నుంచి సాకే, అదే బియ్యపు మద్యం, చేస్తున్న ఇల్లు. మరి బీరుకి ఎందుకొచ్చారంటావా? 1994 దాకా ఏడాదికి 20 లక్షల లీటర్లు కాచగలిగితేనే ఇక్కడ జపాన్‌లో బీరు లైసెన్సు. ఆ ఏడు దాన్ని 60 వేల లీటర్లకు దించారు. దాంతో ఊరూరా చిన్న కార్ఖానాలు లేచాయి. సాకే ఎలాగూ చలికాలపు పని, మిగతా కాలం ఖాళీ. అందుకే వీళ్ళూ 1996లో బీరు మొదలెట్టారు.

మూడోది నిప్పోనియా. దీని గురించే అసలు ఈ ఉత్తరం. నువ్వు అయిదేళ్ళు అద్దెకున్న నేరిమా లేదూ, అక్కడే 1900లో ఒక రైతు పుట్టించిన బార్లీ అట, పేరు కనెకో గోల్డెన్. ఈ బీరు దాంతోనే కాస్తారు. సాగులోంచి మాయమైపోయిన దాన్ని వీళ్ళు కొద్ది గింజలతో మళ్ళీ పెంచారు. ఇక ఇందులో వాసనకి వేసే హాప్స్ పువ్వుల రకం పేరు సొరాచి ఏస్. సప్పొరో కంపెనీ వాళ్ళు హొక్కయిదోలో పెంచి 1984లో బయటపెట్టారు. నిమ్మ, సోయకూర కలిసిన దాని ఘాటు ఇక్కడి వాళ్ళెవరికీ పట్టలేదు. అమెరికా పొలాలకు వెళ్ళి అక్కడ పేరు తెచ్చుకున్నాకే సొంతగడ్డ మీద దానికి పీట వేశారు. ఆ గ్లాసు పట్టుకుని పైన పోయే రైళ్ళు వింటూ ఎంతసేపు కూర్చున్నానో చెప్పలేను. బాగుందా అని అడిగితే, మొదటి గుక్కకి కాదు. మూడో గుక్కకి దించబుద్ధి కాలేదు.

ఇందాక చెప్పినట్టు, చల్లగా ఉంటే చాలంటావు నువ్వు. మరి మీ తాతగారి తోటలో కళ్ళు మూసుకుని పోతుతాడి కల్లేదో పండుతాడి కల్లేదో చెప్పినవాడివి నువ్వే కదా? తెల్లారి దించిన తీపి మధ్యాహ్నానికి ఎలా పులుపెక్కుతుందో నాకు నేర్పిందీ నువ్వే. అంత నాలుక పెట్టుకుని బీరుకి వచ్చేసరికి మంచు మాత్రం అడుగుతావేం? మరీ చల్లగా ఉంటే ధనియాల వాసన పైకి రాదు బావా. ఫ్రిజ్‌లోంచి తీసి పది నిమిషాలు ఆగాలి.

హితాచినో వాళ్ళ గుడ్లగూబ బొమ్మ సీసాలు రెండు నీకోసం తెచ్చిపెట్టాను. మరీ నాన్చితే హాప్స్ వాసన పోతుంది, ఆగస్టులోపు రా. వచ్చేటప్పుడు అత్తయ్య పెట్టిన మాగాయ తీసుకురా. ఎర్రబియ్యం బీరు పక్కన అదెలా ఉంటుందో చూడాలని ఉంది.