అడిగే నోరు

మా ఊళ్లో గ్రామసభ ఎప్పుడు జరిగిందో నాకు తెలియదు. దానికి హాజరైనట్టు సంతకం మాత్రం చేశాను. ఒక సెలవురోజు పొద్దున అరుగు మీద కూర్చుని ఉంటే పొడుగాటి రిజిస్టరు ఒకటి ఇంటింటికీ తిరుగుతూ మా గడపకూ వచ్చింది. తెచ్చిన కుర్రాడు వేలితో చోటు చూపించాడు. పైన ఏం తీర్మానించారో చదవకుండానే పెట్టేశాను. వాడు పక్కింటికి వెళ్లాక గాని తెలిసిరాలేదు, ఊరి గురించి నేను చెప్పగలిగిన ఒక్క మాటనూ అలా చేజార్చుకున్నానని. అప్పటి నుంచీ ఒక కోరిక. ఊరి పెద్ద నలుగురి ముందు నిలబడి, చేసిందీ చేయలేనిదీ నిజంగా చెప్పే సభను ఒక్కసారైనా చూడాలి. 2022 ఫిబ్రవరిలో వరంగల్ బయల్దేరింది అందుకే.

మొదట గంగదేవిపల్లి. గీసుగొండ మండలంలోని చిన్న ఊరు, పట్టుమని పదిహేను వందల జనాభా లేదు. నేను వెళ్లేసరికి దారి పొడవునా కల్లాల్లో మిర్చి ఆరబోసి ఉంది. ఆటోలో కూర్చున్నా ఆ ఘాటు ముక్కుకు తగులుతూనే ఉంది. ఊళ్లోకి అడుగుపెడితే కంటికి తెలిసేది శుభ్రం. వీధులు ఊడ్చి ఉన్నాయి, ఇళ్ల ముందు చెట్లున్నాయి. 2007లో ఈ ఊరికి కేంద్ర ప్రభుత్వం నిర్మల్ గ్రామ పురస్కారం ఇచ్చింది. 2015 ఆగస్టు 17న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ 'గ్రామజ్యోతి' కార్యక్రమాన్ని మొదలుపెట్టడానికి ఈ ఊరినే ఎంచుకున్నారు. దేశదేశాల నుంచి చూడ్డానికి వచ్చిపోయేవాళ్లున్నారు. అయితే నేను పనిగట్టుకుని వెళ్లింది ఆ పురస్కారాలకు ముందున్న కథ కోసం.

ఒకప్పుడు ఇది పక్కనున్న మచ్చాపురం పంచాయతీలో భాగం. గుడుంబాలో మునిగిన ఊరు. సాయంత్రమైతే కొట్లాటలు, పొద్దునైతే అప్పులు. 1980ల మొదట్లో ఊరివాళ్లే కూడబలుక్కుని సారాను ఊరి పొలిమేర దాటించారు. పొదుపు మొదలుపెట్టారు. తర్వాత మంచినీళ్ల కోసం బాలవికాస అనే స్వచ్ఛంద సంస్థతో చేయి కలిపారు. సంస్థ పెట్టిన షరతు ఒక్కటే: ఖర్చులో ఊరి వాటా ఊరే తేవాలి. 1990ల నడుమ సొంత పంచాయతీ వచ్చింది. 1995 ఎన్నికల్లో సర్పంచ్ దగ్గర నుంచి వార్డు సభ్యుల దాకా అందరూ ఆడవాళ్లే ఎన్నికయ్యారు. నీళ్లకు ఒక కమిటీ, చదువుకు ఒకటి, వైద్యానికి ఒకటి, వీధి దీపాలకు ఒకటి, చివరికి కేబుల్ టీవీకీ ఒకటి. ఇంటి పన్ను నూటికి నూరు పాళ్లు వసూలవుతుందని ఈ ఊరికి పేరు.

వేపచెట్టు కింద కూర్చున్న ఒక పెద్దాయనను అడిగాను. ఇన్ని కమిటీలు కాగితం మీద ఏ ఊరైనా రాసుకుంటుంది, ఇక్కడ ఎందుకు నిలిచాయని.

ఆయన కండువా సర్దుకుని, "రూపాయి ఇచ్చినోనికే అడిగే నోరుంటది బిడ్డా," అన్నాడు. "ట్యాంకు సర్కారు కట్టిస్తె పగిలినా మనకేంది అంటం. మన జేబుల పైసలు కలిసినయనుకో, చుక్క కారినా ఉరికొస్తం."

"మరి రూపాయి లేనివాళ్ల నోరో?"

నా అనుమానం ఆయనకు నచ్చినట్టుంది. కాసేపు ఆలోచించే చెప్పాడు. "లేనోడు ఒక దినం తట్ట మోసిండు. అది రూపాయి గాదా? ఇచ్చినోడు, మోసినోడు ఒకటే బంతిల కూసుంటరు."

ఆ మాట పట్టుకునే మధ్యాహ్నం రెండో ఊరికి వెళ్లాను. అది అక్కడికి గంట ప్రయాణం. పురస్కారాలేవీ లేని మామూలు ఊరు. తెలంగాణలో పన్నెండు వేల ఏడు వందలకు పైగా ఉన్న పంచాయతీల్లో ఒకటి, పేరు చెప్పినా ఎవరూ గుర్తుపట్టరు. అక్కడి సర్పంచమ్మ ముప్పై అయిదేళ్ల రైతు. పత్తీ మక్కా వేస్తుంది. గంగదేవిపల్లిని ఆమె కూడా ఒకసారి చూసి వచ్చిందట. ఆ రోజు ఆమె పెట్టిన గ్రామసభకు నన్ను వెనక కూర్చోనిచ్చారు.

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో వచ్చింది. దాని ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టి తీరాలి. రాజ్యాంగంలో గ్రామసభకు చోటు దక్కింది 73వ సవరణతో. అది అమల్లోకి వచ్చిన 1993 ఏప్రిల్ 24ను ఇప్పుడు పంచాయతీరాజ్ దినంగా జరుపుకుంటున్నాం. ఓటరు జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభలో సభ్యుడే. శాసనసభకు మనం పంపేది ప్రతినిధిని. గ్రామసభకు మాత్రం మనమే వెళ్లాలి, మన బదులు కూర్చునే మనిషిని ఏ చట్టమూ పెట్టలేదు.

బడి ముందు చింతచెట్టు నీడలో జంపఖానాలు పరిచారు. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. కూలి నుంచి నేరుగా వచ్చినవాళ్ల చేతులకు ఇంకా మిర్చి ఎరుపు ఉంది. ఉపసర్పంచ్, వార్డు సభ్యులు, పంచాయతీ కార్యదర్శి బెంచీ మీద కూర్చున్నారు. సర్పంచమ్మ నిలబడే ఉంది. చేతిలో నోటుపుస్తకం.

"పోయినసారి మీరు చెప్పిన పనులు ముందుగాల చదువుత. అయినయి, కానియి, రెండూ చెప్త," అని మొదలుపెట్టింది.

అయినవి తొందరగా ముగించింది. ఎస్సీ వాడలో మోరీ కట్టారు. వైకుంఠధామానికి నీళ్ల కనెక్షన్ వచ్చింది. పంచాయతీ ట్రాక్టరు రోజూ చెత్త ఎత్తుతోంది. తర్వాత శ్రమదానం సంగతి. బడి ఆవరణలో తుమ్మకంప కొట్టడానికి, చెరువు కట్ట మీద పిచ్చిచెట్లు తీయడానికి వచ్చినవాళ్ల పేర్లు వాడల వారీగా చదివింది. రానివాళ్ల పేర్లు చదవలేదు. పేరు వినబడ్డ ప్రతి ఇంట్లోంచీ ఒక తల పైకి లేచింది. ఒక ముసలాయన పేరు పలికినప్పుడు, వెనక కూర్చున్న మనవడు ఆయన భుజం తట్టాడు. శాలువా కప్పడం, ఫొటో తీయడం ఏమీ లేదు. ఊరందరి ముందు పేరు చదివారు, అంతే. ఆయన మాత్రం ఆ తర్వాత సభ అయ్యేదాకా వీపు నిటారుగా పెట్టుకునే కూర్చున్నాడు.

ఆ తర్వాత కానివి. అక్కడ ఆమె గొంతు కొంచెం తగ్గింది.

"బడి కాడ పెట్టిన మొక్కలు మస్తుగ ఎండిపోయినయి. పోయిన ఎండకాలం బోరు ఎత్తిపోయింది. ట్యాంకరు తాగేనీళ్లకు తోలినం, మొక్కలకు తోలలె. చూసుకోవాల్సింది నేను. తప్పు నాదే."

ఆ ఒప్పుకోలు ఎంత బరువైనదో చట్టం తెలిసినవాళ్లకు అర్థమవుతుంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని, పంచాయతీ బడ్జెట్లో పది శాతం పచ్చదనానికే పెట్టాలని 2018 చట్టం చెబుతోంది. బతకకపోతే సర్పంచూ కార్యదర్శీ జవాబు చెప్పుకోవాలి. దాచుకోవడానికి ఆమెకు కారణాలున్నాయి. అయినా ఎండిన మొక్కలను రోజూ చూస్తున్న పిల్లలు అక్కడే చెట్టెక్కి కూర్చున్నారు. వాళ్ల ముందు ఇంకేం చెబుతుంది? సభను ఆఫీసు గదిలో పెట్టకుండా బడి ముందు పెట్టడంలోని మంచి నాకు అప్పుడు తెలిసింది.

అసలు వేడి బండ్లబాట దగ్గర పుట్టింది. పొలాలకు వెళ్లే బాటను ఒక ఒర్రె కోస్తుంది. వానాకాలం బండి దాటదు. తలపాగా చుట్టుకున్న ఒక రైతు లేచాడు.

"రెండేండ్ల సంది అడుగుతున్నం. కేంద్రం పైసలొచ్చినయంటరు, మోరీలు కడతరు. మా బాట పైసలు ఏడబోయినయి?"

"ఏడికీ పోలె మామా. కూసో, చెప్త," అంది. కార్యదర్శి చేతిలోంచి సుద్దముక్క తీసుకుని బడి గోడ నల్లబల్ల మీద ఒక గుండ్రం గీసింది. "ఇది ఆర్థిక సంఘం నుంచి వచ్చే రూపాయి. అండ్ల అరవై పైసలు తాగునీళ్లకు, సఫాయికే పెట్టాలె. ముప్పై దీనికి, ముప్పై దానికి. మోరీ సఫాయి కిందికొస్తది, అందుకే అయింది. బాట రాదు. మిగిలిన నలభై పైసలు మన అవసరం మీద. అండ్లకెళ్లి జీతాలియ్యద్దు. మీ బాట ఆ నలభైలనే రావాలె. కింది గల్లీవాళ్లు సీసీ రోడ్డు అడుగుతున్నరు, అది గూడ అదే నలభైల. రెండిటికి ఈ ఏడు చాలది. ఏది ముందో మీరే చెప్పాలె."

పదిహేనో ఆర్థిక సంఘం నిధుల నిబంధనలు నేనూ చదివాను. కట్టుబడి ఉన్న నిధులు, లేని నిధులు అంటూ ఆ కాగితాలు చదివితే తల తిరుగుతుంది. సుద్దముక్కతో గీసిన ఒక్క గుండ్రంలో ఆమె దాన్ని మిర్చి ఏరే చేతులకు అందించింది. మన ఊళ్లలో నాయకుల మీద సగం అనుమానం దొంగతనం వల్ల పుట్టదని నాకనిపించింది. ఏ పైస ఏ పనికి కట్టుబడి వచ్చిందో ఎవరూ విప్పి చెప్పకపోవడం వల్ల పుడుతుంది. కారణం తెలిసినవాడు కాదన్నా ఓర్చుకుంటాడు.

అరగంట వాదులాట. కింది గల్లీవాళ్లు గట్టిగానే పట్టుబట్టారు, వాళ్ల బురదా నిజమే. చివరికి ఆ గల్లీ నుంచే ఒక నడివయసు ఆవిడ లేచింది. "బురదల కాళ్లు కడుక్కుంటం. పోయిన వానకాలం ఒర్రె దాటంగ మా ఆడిబిడ్డోళ్ల బర్రె కొట్టుకపోయింది. ముందు బాటనే కానియ్యుండ్రి," అంది. ఆమెకు ఆ బాట పక్కన పొలం లేదని తర్వాత తెలిసింది. సిమెంటు తూములు పంచాయతీ కొంటుంది. మొరం తోలడానికి ట్రాక్టరు పంచాయతీది. పరచడానికి బాట వాడే ప్రతి ఇంటి నుంచీ ఒక మనిషి ఒక దినం. సీసీ రోడ్డు వచ్చే ఏటికి మొదటి పని. పొద్దున వేపచెట్టు కింద విన్న మాట సాయంత్రానికి నా కళ్ల ముందు జరిగింది. ఇచ్చినవాడు, మోసినవాడు ఒకటే బంతిలో కూర్చున్నారు.

అన్నీ తేలలేదు. కోతుల సంగతి వస్తే సభంతా ఒక్కసారిగా మాట్లాడింది. పెరట్లో కాయ నిలవడం లేదు, ఇంటి పెంకు మిగలడం లేదు. "దీనికి నా కాడ జవాబు లేదు," అంది సర్పంచమ్మ, ఊరికే ఆశ పెట్టకుండా. వీధి దీపాల కరెంటు బిల్లు, సఫాయి కార్మికుల జీతాలు కట్టాక చేతిలో ఎంత మిగులుతుందో చదివితే ఎవరూ మాట్లాడలేదు. చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకమూ ఉండాలని చట్టం. ఈ ఇద్దరూ ఎన్నికల్లో ఎదురెదురు వర్గాలట. ఒక బిల్లు దగ్గర ఇద్దరికీ మాట పట్టింపు వచ్చి పని నెల ఆగిందని ఆమె సభలోనే చెప్పింది. ఉపసర్పంచ్ లేచి తన కారణం తనూ చెప్పాడు. తప్పెవరిదో నాకు తేలలేదు. గుసగుసగా తిరగాల్సిన మాట చెట్టు కింద పదిమందిలో పడింది కాబట్టి, దాన్ని మళ్లీ దాచడం ఇద్దరి వల్లా కాదు.

పొద్దు వాలుతుంటే కార్యదర్శి తీర్మానాలు రాయడం ముగించి రిజిస్టరు తిప్పాడు. అదే పొడుగాటి రిజిస్టరు. మా అరుగు మీదికి వచ్చినటువంటిదే. చూడగానే నా చేయి బిగుసుకుంది. సంతకాలు ఒకరి తర్వాత ఒకరు పెడుతున్నారు. ముందువరుసలో కూర్చున్న ఒక అవ్వ దగ్గరికి వచ్చేసరికి ఇంకుప్యాడు ముందుకు జరిపాడు. శ్రమదానంలో పేరు వినబడ్డ వాళ్లలో ఆమె ఒకరు. చీపురు తనే తెచ్చుకుందట.

ఆమె బొటనవేలు చాపలేదు. చేయి కొంగులోనే పెట్టుకుని కార్యదర్శి ముఖంలోకి చూసింది.

"ఏం రాసినవో చదువు బిడ్డా. ఇన్నంక ఏస్త."

అతను విసుక్కోలేదు. మొదటి తీర్మానం నుంచీ మళ్లీ చదివాడు. బండ్లబాట, తూములు, మొరం, ఇంటికొక మనిషి. చివర కింది గల్లీ సీసీ రోడ్డు. ఆ మాట దగ్గర ఆమె ఆపింది. "వచ్చే ఏడు మొదటి పని అన్నరు గద, ఆ మొదటి అన్న మాట రాసినవా?"

రాయలేదు. అతను కలం తీసి వరుస మధ్యలో ఆ మాట చేర్చి, మళ్లీ చదివి వినిపించాడు. అప్పుడు చాపింది బొటనవేలు.