దీపము దగ్గర ఇద్దరము

ఎదిగిన కుమారుడును, వయసు మళ్లిన తండ్రియు ఒక యింట నుండుట అంత సుళువైన పని కాదు. చిన్ననాడు బిడ్డ ఏదో ఒకటి అడుగుచునే యుండును. పెద్దవాడైన పిమ్మట మాటలు తగ్గిపోవును. మన పల్లెటూళ్లలో తండ్రీకొడుకుల మాటలను వ్రేళ్లమీద లెక్కపెట్టవచ్చును: చేనికి నీరు పెట్టితివా, ఎరువు వచ్చినదా, బాకీ ఎంత యున్నది. తక్కిన సంగతులన్నియు తల్లి ద్వారానే అటు నుండి యిటు నడచును.

మా యింటిలో ఆ వంతెన నాలుగేండ్ల క్రిందట పోయినది. నా భార్య ప్రభువునందు నిద్రించిన తరువాత నేనును, ముప్పది యేండ్ల మా అబ్బాయియు మిగిలితిమి. అన్నము వండుకొనుట నేర్చుకొంటిమి గాని మాటలాడుకొనుట చేతకాలేదు. రాత్రివేళ కంచముల చప్పుడు తప్ప వేరు చప్పుడు లేదు.

ఇంతలో నా కన్నులకు శుక్లములు వచ్చి అక్షరములు మసకబారెను. ఒక దినమున అబ్బాయి శాఖా గ్రంథాలయము నుండి ఒక పుస్తకము తెచ్చి, భోజనమైన తరువాత, నన్నడుగకయే పైకి చదువనారంభించెను. అది మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిష్టర్ పార్వతీశం'. మొదటి భాగము 1924లో వెలువడినది. బారిష్టరు చదువుకై సీమకు బయలుదేరిన ఆ మొగల్తూరు కుర్రవాడు, తెలియక దొరసానుల టోపీ కొని నెత్తిన పెట్టుకొనిన చోట మేమిద్దరమును కడుపుబ్బ నవ్వితిమి. ఆమె పోయిన తరువాత మా యింట వినబడిన మొదటి నవ్వు అదే.

నవ్వు ఆగినది. అబ్బాయి పుస్తకము మూసి, "ఇతను ఇంట్లో చెప్పకుండా వచ్చేశాడు కదా నాన్నా. అమ్మ పోయిన ఏడు నేనూ అలాగే హైదరాబాదు వెళ్లిపోదామనుకున్నాను. సంచీ కూడా సర్దుకున్నాను" అనెను.

"మరి ఎందుకాగావురా?" అంటిని.

"నువ్వొక్కడివే కూర్చుని అన్నం తింటావని."

"ఇంకా వెళ్లాలని ఉందా?"

"అప్పుడప్పుడు."

"వెళ్లేటప్పుడు చెప్పి వెళ్లు. నేనే బస్సెక్కిస్తాను" అంటిని. ఆ రాత్రి మరి చదువలేదు.

ఎదురుగా కూర్చుండి చెప్పలేని సంగతిని పుస్తకములోని మనుష్యుని మీదుగా చెప్పవచ్చునని నేనా దినమున తెలిసికొంటిని.

తరువాత జాషువా గారి 'గబ్బిలము' తెచ్చెను. అది 1941 నాటి కావ్యము. అంటరానివాడని గుడిలోనికి రానియ్యని ఒక బీదవాడు, తన గుడిసెలోనికి వచ్చిన గబ్బిలముతో, తన మొర కాశీనాథునికి విన్నవింపుమని చెప్పుకొనును. గబ్బిలమునకు గుడిలో అడ్డు లేదు గదా! అది విని, నా తండ్రి మంచినీళ్ల బావికి దూరముగా కడవ దింపి, ఎవరైన పోయువరకు నిలిచియుండిన సంగతి చెప్పితిని. తన తాతను గూర్చి ఆ మాట అబ్బాయి అంతకుముందు వినలేదు. అతడు చాలసేపు ఊరకుండి, "ఇంకా చెప్పు నాన్నా" అనెను.

ఇప్పుడు శస్త్రచికిత్స అయి నాకు చూపు బాగుగానే యున్నది. అయినను చదువు మానలేదు. అతడొక పుట, నేనొక పుట.

ప్రియ చదువరులారా, పుస్తకము కొనుటకు డబ్బు లేదనవద్దు. 1935లో కాలువమీద గ్రంథాలయము పడవెక్కి పల్లెవారి యొద్దకు వచ్చినది. మనము నాలుగు వీధులు నడువలేమా? చదువునది పైకి చదువుడి. రథములోని ఐతియోపీయుడు పైకి చదువుచుండుట వలననే గదా, ఫిలిప్పునకు అతనిని పలుకరించుటకు త్రోవ దొరకెను! దినమునకు అరగంట చాలును. చదివినదానికి వెంటనే నీతి చెప్పబోకుడి. బిడ్డ పుస్తకము మూసి ఏమి చెప్పునో దానికొరకు కనిపెట్టుడి.