సారె మీదే అందరి కళ్ళూ

ఎడిటర్ గారు అడిగింది కప్పుల గురించి. శంకర్‌పల్లి రోడ్డు పక్కన ఒక షెడ్డులో చేసే నీలిరంగు కప్పులంటే ఇప్పుడు హైదరాబాదు కాఫీ ప్రియులకు మోజు, ఫొటోలు కూడా బాగా వస్తాయి. తీరా వెళ్తే జనమంతా సారె చుట్టూ మూగి ఉన్నారు. గ్యాస్ బట్టీ దగ్గర మాత్రం ఒకే ఒక్క మనిషి. నేనూ అక్కడే ఉండిపోయాను.

తండ్రి ఊళ్ళో కుండలు చేసేవారట. ఈయన గూడూరులో సెరామిక్ డిప్లొమా చదివారు. ఒక బట్టీ మండుతుండగానే తర్వాతి బట్టీకి కోన్లు గుచ్చుకుంటున్నారు. వేలెడంత పొడవు, మూడు పలకలు, కోసు మొన. ఫలానా వేడికి మెత్తబడి వంగేలా మట్టీ గ్లేజు ముడిసరుకులూ కలిపి చేసినవి. పచ్చిమట్టిని బద్దలా సాగదీసి 5, 6, 7 నంబర్లను వరసగా నాటారు. నిటారుగా కాదు, మూడింటినీ ఒకే వైపు కాస్త వాల్చి. ఆ పైన సూదితో మట్టినిండా తూట్లు పొడిచారు. "తడి బయటికి పోయే దారి లేకపోతే ఇదే పేలుతుంది సార్. ఆ ముక్కలన్నీ కప్పుల్లోనే పడతాయి."

5 పడితే దగ్గరకొచ్చినట్టు. 6 మొన కిందికి తాకితే గ్యాస్ కట్టేయాలి. 7 వంగిందంటే చేయి దాటినట్టే.

గోడకి డిజిటల్ మీటరు ఉండగా ఇదంతా ఎందుకన్నాను. ఆయనకి చిరాకేసింది. "అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూస్తామా, పొయ్యిలో మంట చూసి దించేస్తామా?"

మీటరు చెప్పేది థర్మోకపుల్ దగ్గర ఆ క్షణంలో ఉన్న వేడి. మట్టి పండాలంటే వేడితో పాటు ఎంతసేపు కాలిందన్నదీ లెక్కే. గంటకి 60 డిగ్రీల చొప్పున పెంచితే 6 నంబరు కోను సుమారు 1222 దగ్గర వాలుతుంది. ఇంకా నిదానంగా పెంచితే అంతకు ముందే. పైగా థర్మోకపుల్ పాతబడేకొద్దీ లెక్క తప్పుతుంది. 1886లో బెర్లిన్‌లో హెర్మన్ జేగర్ కుదిర్చిన ఈ పద్ధతికి ఇప్పటికీ పని పోలేదంటే అందుకే.

ఇటుక బిరడా లాగి, వెల్డింగ్ నల్లద్దం నా చేతిలో పెట్టారు. ముందు అంతా ఒకటే నారింజ వెలుగు. కళ్ళు అలవాటుపడ్డాక కనిపించాయి: 5 పూర్తిగా పడుకుంది, 6 నడుం వంచింది, 7 కదల్లేదు. మీటరులో 1205. "దీని మాట వింటే ఇంకా మండించాలి. గ్లేజు కారి కప్పులు పలకకి అతుక్కునేవి."

మూలనున్న ఒక పలక మీద గిన్నెలు కరిగి మడ్డిలా పరుచుకుని ఉన్నాయి. నేర్చుకునే కుర్రాడు ఒకడు బట్టీ కంట్రోలర్‌లో 06 బదులు 6 నొక్కాడట. సున్నా ముందున్న నంబర్లు తిరగేసి నడుస్తాయి, అన్నిట్లోకీ తక్కువ వేడిది 022. 06కీ 6కీ మధ్య 200 డిగ్రీల పైనే తేడా, ఎర్రమట్టి దానికేం తట్టుకుంటుంది? లోపల 06 కోను ఎప్పుడో పడిపోయి చెప్పింది. బిరడా తీసి చూసినవాళ్ళే లేరు.

నాకు మంటెత్తింది మాత్రం ఆయన తర్వాత చెప్పిన దానికి. కుమ్మరుల కోసం ఖాదీ కమిషన్ పథకం ఉంది, కరెంటు సారెలు పంచుతున్నారు, మంచిదే. "మా నాన్నని సారె ఏనాడూ ఏడిపించలేదు సార్. ముంచింది ఆవమే." వానాకాలం కట్టెలు తడి, కుండలు సరిగ్గా ఆరవు, పగుళ్ళు. ఒక పక్క మాడుతుంది, ఇంకో పక్క పచ్చిగా ఉండి నీళ్ళు పోస్తే మెత్తబడుతుంది. వారాల కష్టం ఒక్క రాత్రిలో పోతుంది. మంట రంగు చూసి కాలిందో లేదో చెప్పగల ముసలివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. 700 డిగ్రీల చుట్టుపక్కల వాలే కోన్లు కూడా ఉన్నాయి, వాటిని ఊళ్ళోకి తెచ్చి చూపించిన అధికారిని ఆయన ఇంతవరకు చూడలేదట. సారె తిరుగుతుంటే ఫొటో పడుతుంది, పొగలో ఎవరు నిలబడతారు?

ఆ మధ్య ఒక శిక్షణ శిబిరానికి ఆయన్ని పిలిచారు, సారె మీద చేసి చూపించమని. ఆవం పెట్టడానికి ఒక రోజు ఇవ్వండి అన్నారు ఈయన. అది ప్రోగ్రాంలో లేదన్నారట.