కల్లం దగ్గర పలక

2025 జనవరి 19, ఆదివారం
ప్రత్తిపాడు

తమ్ముడి చేలో తొలి కోత. ఆదోని వైపు నుంచి వచ్చిన కుటుంబాలు గట్టు మీదే పట్టాలతో గుడిసెలు వేసుకున్నాయి. కల్లంలో ఆరబోసిన మిరపకాయల మధ్య ఒక పిల్ల తాలు ఏరుతోంది. ఏం చదువుతున్నావే అంటే "నాలుగు" అంది. నాలుగో తరగతి అక్కడ నడుస్తోంది, పిల్ల ఇక్కడుంది. రాత్రి దాకా ఆ మాట నన్ను వదల్లేదు.

భోజనాలయ్యాక బెంగాలీ పుస్తకం తీశాను. అక్షరాలన్నీ పైగీతకు వేలాడుతున్నాయి, సంయుక్తాక్షరాలు ఇంకా కొరుకుడు పడలేదు. మరదలు పక్కన కూర్చుని చూసింది. "రిటైరయ్యావు కదా వదినా, ఇప్పుడీ బెంగాలీ ఎందుకంట?" అంది. వెక్కిరింపు కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. తెనాలి చక్రపాణి గారి సంగతి చెప్పాను. క్షయ వచ్చి మదనపల్లె శానిటోరియంలో పడి ఉన్నప్పుడు ఆయన బెంగాలీ నేర్చుకున్నారు. బతుకుతామో లేదో తెలియని రోజులవి. ఆ మంచం మీద పట్టుబడ్డ భాషే శరత్‌బాబు నవలల్ని తెలుగు ఇళ్లలోకి తెచ్చింది. ఆ తర్వాత ఆయన చేయి పెట్టని పనేది? పత్రిక, సినిమా, 1947లో పిల్లల కోసం చందమామ. మరదలు అంతా విని, "అయితే జబ్బు చేస్తేనే తీరిక దొరుకుతుందన్నమాట" అంది. ఆడవాళ్ల విషయంలో అది చాలావరకు నిజమే.

ఫిబ్రవరి 8, శనివారం

పలక, బలపాలు తీసుకెళ్లాను. పిల్లకి అక్షరాలు వచ్చు, గుణింతం దగ్గర తడబడుతుంది. లెక్క మాత్రం చురుకు. టిక్కీకి నలభై కిలోలైతే పదిహేడు టిక్కీలకు ఎంతో నోటితో చెప్పేసింది. వాళ్లమ్మ ముందు బెదిరింది, పని చెడుతుందని. మధ్యాహ్నం అన్నాల వేళ చెబుతానన్నాక సరేనంది. "మీకు కష్టం కదమ్మా" అని రెండుసార్లు అంది.

కష్టమేముంది. నేను చేసిన పనులన్నీ ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పినవే. చిలకలూరిపేటలో పొగాకు గ్రేడింగు షెడ్డులో లెక్కలు రాసే రోజుల్లో, ఆకును వేళ్ల మధ్య నలిపి రకం చెప్పడం అక్కడి ఆడకూలీలు నేర్పారు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మాస్టారు కీబోర్డు మీద గుడ్డ కప్పి కొట్టించేవారు. బడి ఉద్యోగం తర్వాతెప్పుడో వచ్చింది. ఫోటోలు తీయడం యాభై దాటాక మొదలుపెట్టాను. ఏ ఒక్కటీ వృథా పోయిందని నాకు అనిపించదు. కథ రాస్తుంటే ఆకు వాసన దగ్గర నుంచి వెలుతురు పడే తీరు దాకా అన్నీ వచ్చి కలుస్తాయి.

ఫిబ్రవరి 16, ఆదివారం
వేటపాలెం

సారస్వత నికేతనం. 1918లో ఊరి యువకులు మొదలుపెట్టిన గ్రంథాలయం. 1929లో గాంధీగారు దీని భవనానికి పునాదిరాయి వేశారు. మగ్గాల ఊళ్లో ఇంత పుస్తక సంపద! ఇక్కడికొస్తే తిరిగి వెళ్లబుద్ధి కాదు.

కవి జాషువా గారి 'నా కథ' ముందు పెట్టుకుని పొద్దంతా కూర్చున్నాను. ఆయన ఎన్ని పనులు చేశారో ఒక కాగితం మీద రాసుకుంటూ పోయాను. నెలకు మూడు రూపాయల జీతానికి పంతులు. అది పోయాక రాజమండ్రిలో మూకీ సినిమాలకు వాచకుడు: తెర మీద బొమ్మ ఆడుతుంటే కథా, సంభాషణలూ గొంతెత్తి చదవాలి. తర్వాత గుంటూరులో లూథరన్ వారి ఉపాధ్యాయ శిక్షణాలయం, 1928 నుంచి 1942 దాకా తెలుగు పండితుడి ఉద్యోగం. యుద్ధ ప్రచారకుడు, మద్రాసు రేడియోలో కార్యక్రమ నిర్మాత, చివరికి శాసనమండలి సభ్యుడు.

సినిమా హాల్లో చదివిన రోజుల్ని చాలామంది ఒక వింతగా చెప్పి వదిలేస్తారు. నాకలా అనిపించదు. మైకు లేని హాల్లో, అక్షరం రాని జనానికి కూడా మనసుకెక్కేలా చదివిన గొంతు అది. 1941 నాటి 'గబ్బిలం' పద్యాన్ని పైకి చదివి చూస్తే, చివరి వరుసలో కూర్చున్నవాడికి కూడా అందాలన్న పట్టుదల అందులో వినపడుతుంది. ఇది నా ఊహే కావచ్చు, కానీ గట్టిగా నమ్ముతున్నాను.

మనం ఇవాళ చదువును అభిరుచి అంటున్నాం. ఆయనకది అడుగడుగునా అడ్డుపడిన దారి. వినుకొండలో పుట్టి, బొమ్మలు గీస్తూ, పాటలు పాడుతూ తిరిగిన కుర్రవాడు. తల్లి కులాన్ని చూపి మనుషులు దూరం పెట్టారు. సభలో పద్యం చదివితే లోపలికెందుకు రానిచ్చారని అడిగారు. అటువంటి కాలంలో జూపూడి హనుమచ్ఛాస్త్రి గారు ఆయనకు మేఘసందేశం, రఘువంశం చెప్పారు. మేఘుణ్ణి దూతగా పంపిన కావ్యం అలా చదువుకున్నవాడు, గుళ్లోకి తనకు ప్రవేశం లేదు కనుక శివుడికి తన బాధ చెప్పమని గబ్బిలాన్ని పంపాడు. చెప్పిన పాఠం ఎక్కడ మొలకెత్తుతుందో ఆ శాస్త్రిగారికి అప్పుడు తెలిసి ఉంటుందా?

ఫిబ్రవరి 27, గురువారం

మిర్చి ధర పడిపోయింది. కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. తమ్ముడు సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా, యార్డుకు తోలాలా తేల్చుకోలేక తిరుగుతున్నాడు. ఇంట్లో ఎవరికీ మాట లేదు. ఈ పూట బెంగాలీ ముట్టలేదు.

మధ్యాహ్నం పిల్ల దగ్గరికి మాత్రం వెళ్లాను. ఇవాళ తనే నాకు కన్నడంలో అంకెలు చెప్పింది. వాళ్ల ఊరు సరిహద్దుకు దగ్గర, ఇంట్లో రెండు భాషలూ నడుస్తాయట. నేను తప్పు పలికితే పంతులమ్మలా మళ్లీ అనిపించింది. వాళ్లమ్మ ముచ్చికలు తీస్తూ నవ్వింది. ఘాటుకు ముగ్గురం దగ్గుతూనే ఉన్నాం.

మార్చి 23, ఆదివారం

ఉగాదికి ఊరు చేరాలని వాళ్లు రేపు బయలుదేరుతున్నారు. పిల్ల ఇప్పుడు వాక్యం కూడబలుక్కుని చదువుతోంది. రెండు నెలల బడి మాత్రం పోయింది, దాన్ని నా మధ్యాహ్నాలు పూడ్చలేవు. వలస వెళ్లే ఇళ్ల పిల్లలకు కర్నూలు వైపు సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. ఈసారి తల్లిదండ్రులు వచ్చినా పిల్లను అక్కడ ఉంచే వీలుందేమో చూడాలి. వాళ్ల హెడ్మాస్టరుకు ఉత్తరం రాసి తల్లి చేతికిచ్చాను: ఈ పాప ఎంతవరకు చదవగలదు, ఎక్కడ ఆగుతోంది, లెక్కల్లో ఎంత ముందుంది, అన్నీ వివరంగా. కింద నా ఫోన్ నంబరు రాశాను. జూన్‌లో బడి తెరవగానే నేనే ఆదోని వెళ్లి కనుక్కొస్తానని కూడా చెప్పాను. తమ్ముడు రైలు టైము చూసి పెడతానన్నాడు.