రాణిగారి పట్టు తెలుసు, గూడ్సు రంగు తెలియదు

పాత సరకు వ్యాన్ల రంగులు, రాతల కోసం బ్రిటన్‌లో సాగుతున్న వెతుకులాట బొమ్మల పిచ్చి కాదు. చరిత్ర రాసుకోవడం మరిచిన చోట దాన్ని పూరించే పని

విక్టోరియా రాణి కోసం 1869లో తయారైన రైలు సెలూన్ లోపలి గోడలకు నీలి పట్టు తొడిగారు. ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్ నగరంలో, నేషనల్ రైల్వే మ్యూజియం భద్రపరిచిన సంపదలో అదొకటి. అదే కాలంలో బొగ్గు, పిండి, మాంసం, చేపలు మోసి ఆ దేశపు పొయ్యి ఆరకుండా చూసిన గూడ్సు వ్యాన్ల సంగతేమిటి? గ్రేట్ వెస్టర్న్ రైల్వే తన వ్యాగన్లకు ఎర్ర రంగు మానేసి బూడిద రంగు వేయడం ఏ సంవత్సరంలో మొదలుపెట్టిందన్న ఒక్క ప్రశ్న మీదే దశాబ్దాలుగా వాదోపవాదాలు నడుస్తున్నాయి.

వాదించుకునేది ప్రొఫెసర్లు కారు. ఇంట్లో ఓ గదినో, అటకనో ఆక్రమించి చిన్న రైళ్లు నడిపే మోడలర్లు. బ్రిటన్‌లో బాగా వాడుకలో ఉన్న కొలత ప్రకారం అసలు బండిలో ఒక అడుగు, నమూనాలో 4 మిల్లీమీటర్లు. అంటే 16 అడుగుల వ్యాను అగ్గిపెట్టె కన్నా కాస్త పొడుగు ఉంటుంది. దానికి ఏ రంగు వేస్తే ఏమిటని మనం అనుకుంటాం. వారు అనుకోరు. 1908 నాటి ఓ పల్లె స్టేషన్ కట్టాలని కూర్చున్నవారికి, ఆ ఏడు ఆ సైడింగులో ఏ కంపెనీ వ్యాను నిలబడేది, దాని మీద అక్షరాలు ఎన్ని అంగుళాలు, కప్పు తెలుపా నలుపా అన్నది తేలాలి. తేలనిదే బ్రష్షు ముట్టరు.

ఈ వెతుకులాటకు సహజమైన తొలి మజిలీ యార్క్. 1975లో తెరిచిన ఈ మ్యూజియంలో ఓ విచిత్రం ఉంది. రాజుల, రాణుల పెట్టెలను ప్రదర్శించడానికి పేరుపడ్డ స్టేషన్ హాల్ ఒకప్పుడు యార్క్ గూడ్సు స్టేషన్. కూలీలు మూటలు దించిన చోట సెలూన్లు కొలువు తీరాయి. ఇల్లు సరకు బండ్లది, సింహాసనం రాజావారి బండ్లది.

అసలు సరుకు ఇక్కడి పత్రాల భాండారంలో ఉంది. ముందుగా చెప్పి వెళితే పాత వర్క్‌షాపుల డ్రాయింగులు, ఫొటోలు చూడవచ్చు. ఫొటో ఉంటే చిక్కు విడిపోయినట్టేనని కొత్తగా వచ్చినవారు సంబరపడతారు. చిక్కు మొదలయ్యేదే అక్కడ. ఆనాటి ఫొటో ప్లేట్లకు ఎరుపు కనిపించేది కాదు. ఎర్రటి వ్యాను దాదాపు నల్లగా పడేది, నీలం తెల్లబారేది. అన్ని రంగులనూ సమంగా పట్టే ఫిల్ములు వాడుకలో స్థిరపడింది 1920లు, 30లలో. పైగా కొత్త ఇంజను వర్క్‌షాపు నుంచి బయటికి రాగానే వివరాలు స్పష్టంగా పడాలని కంపెనీలు దానికి కేవలం ఫొటో కోసం బూడిద రంగు పూసేవి. ఫొటో అయ్యాక అసలు రంగు వేసేవి. కంపెనీ అధికారిక చిత్రమే కదా అని నమ్మితే మోసపోవడం ఖాయం.

పోనీ రంగునే గీకి చూద్దామంటే అదీ పూర్తిగా నమ్మదగ్గది కాదు. బూడిద రంగును తెల్ల సీసం, నలుపు కలిపి చేసేవారు. కప్పులకు తెల్ల సీసమే పూసేవారు. బొగ్గు పొగలోని గంధకం తగిలితే సీసం నల్లబడుతుంది. వర్క్‌షాపులో తెల్లగా మెరిసిన కప్పు పొగలో తిరిగాక బూడిదగా మారేది. లేత బూడిద ముదురు బూడిద అయ్యేది. అందుకే ‘ఏ రంగు’ అన్న ప్రశ్నకు ‘ఏ రోజున’ అన్న ఎదురుప్రశ్న తప్పదు.

రంగు కన్నా రాతలు ఎక్కువ కథ చెపుతాయి. లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే తన వ్యాగన్ల మీద చాలాకాలం పేరు రాయలేదు. రెండు తెల్ల డైమండ్ గుర్తులు వేసింది, అంతే. చదువురాని కూలీ కూడా బండి ఎవరిదో చూసి పోల్చుకోవాలి కదా. 1951-52 తొలి సాధారణ ఎన్నికల్లో చదవలేని కోట్లమంది ఓటర్ల కోసం మనం కాడెద్దులూ గుడిసెలూ గుర్తులుగా పెట్టుకున్నాం. ఆ ఆలోచన అంతకు చాలా ముందే గూడ్సు బండి పలకల మీద నడిచింది. 20వ శతాబ్దం తొలి దశాబ్దం ముగిసే సరికి డైమండ్ల స్థానంలో అక్షరాలు వచ్చాయి. ప్రజలు చదువు నేర్చారనడానికి ఇదో మౌన సాక్ష్యం.

అక్షరాలు అంత పెద్దవిగా ఉండటానికీ కారణం ఉంది. ఒక కంపెనీ వ్యాగను మరో కంపెనీ పట్టాల మీదికి వెళితే లెక్క తేలాలి. ఆ లెక్కల కోసమే 1842లో రైల్వే క్లియరింగ్ హౌస్ పుట్టింది. కంపెనీల సరిహద్దు జంక్షన్లలో దాని గుమాస్తాలు నిలబడి, వచ్చే పోయే ప్రతి వ్యాగన్ నంబరూ పుస్తకంలో రాసుకునేవారు. గ్రేట్ వెస్టర్న్ 1904 ప్రాంతంలో 25 అంగుళాల ఎత్తున తన పేరులోని జీ, డబ్ల్యు అక్షరాలు వేసింది. 1936 నాటికి ఆ అక్షరాలు 5 అంగుళాలకు కుదించుకుపోయాయి. వ్యాగన్లను అందరూ ఉమ్మడిగా వాడుకోవడం మొదలయ్యాక యజమాని ఎవరన్నది అంత ముఖ్యం కాలేదు. రంగు ఖర్చూ కలిసి వచ్చింది. పోటీ పెట్టుబడి నుంచి ఉమ్మడి నిర్వహణకు ఒక పరిశ్రమ ఎలా జారిందో తెలుసుకోవడానికి లావాటి గ్రంథాలు తిరగేయొచ్చు, లేదా ఈ అక్షరాల ఎత్తు కొలవొచ్చు.

ఆ కంపెనీ తంతి ఖర్చు తగ్గించుకోవడానికి ఒక్కో రకం బండికి ఒక్కో పొట్టి పేరు పెట్టుకుంది. మూసిన వ్యాను ‘మింక్’. చేపల వ్యాను ‘బ్లోటర్’, అంటే పొగబెట్టిన చేప. గార్డు బ్రేక్ వ్యాను ‘టోడ్’, అంటే కప్ప. రైలు చివర కప్పలో కూర్చుని ఇంగ్లండ్ చుట్టిన గార్డులు ఎందరో!

యార్క్ నుంచి అసలు గూడ్సు లోకానికి వెళ్లాలంటే ఉత్తరానికి రైలెక్కాలి. ప్రధాన మార్గంలో అరగంటకు డార్లింగ్టన్ వస్తుంది. అక్కడ చిన్న బండిలోకి మారితే మరి కాసేపటికి షిల్డన్. 1825 సెప్టెంబరు 27న స్టాక్టన్ అండ్ డార్లింగ్టన్ రైల్వే తొలి బండిని లోకోమోషన్ ఇంజను ఈ ఊరి నుంచే లాగింది. ఆ బండిలో మనుషులు ఎక్కారు నిజమే. కానీ ఆ రైల్వే కట్టింది బొగ్గు కోసం. వెనుక తగిలించిన వ్యాగన్లలో బొగ్గు ఉంది, పిండి ఉంది. రైలు చరిత్ర సరకుతోనే మొదలైందని చెప్పడానికి ఇంతకన్నా ఆధారం అక్కర్లేదు.

షిల్డన్ వ్యాగన్ల ఊరు. ఇక్కడి వర్క్‌షాపు వ్యాగన్లు చేసింది, బాగు చేసింది. విద్యుత్ కేంద్రాలకు ఆగకుండా బొగ్గు మోయడానికి 1960ల నడుమ నుంచి తయారైన పదివేలకు పైగా హాపర్ వ్యాగన్లలో అత్యధికం ఇక్కడివే. ఊరికి ఊరే దాని మీద బతికింది. 1984లో ఆ వర్క్‌షాపు మూతపడింది. పని పోయిన ఊరు ఎలా ఉంటుందో సిర్పూరు, కోలారు చూసినవారికి చెప్పనక్కర్లేదు. 2004లో ఇక్కడ ‘లోకోమోషన్’ పేరుతో జాతీయ మ్యూజియం శాఖ తెరిచారు. 2024లో మరో పెద్ద హాలు చేర్చారు. ప్రవేశం ఉచితం. పని చేతులు మారింది. ఒకప్పుడు ఇక్కడ వ్యాగన్లు కట్టేవారు, ఇప్పుడు కాపాడుతున్నారు.

పట్టాల మీద వరసగా నిలిపిన బండ్ల మధ్య నడుస్తుంటే రంగులకూ ఒక వ్యాకరణం ఉందని అర్థమవుతుంది. 1923లో బ్రిటన్ రైళ్లు నాలుగు పెద్ద కంపెనీలుగా కలిశాయి. దక్షిణాది కంపెనీ ముదురు గోధుమ రంగు ఎంచుకుంది. గ్రేట్ వెస్టర్న్ ముదురు బూడిద దగ్గరే ఆగింది. లండన్ మిడ్‌లాండ్ కంపెనీ 1936లో బూడిద వదిలి ఇటుక ఛాయకు మారింది. 1948లో జాతీయం చేశాక దాదాపు 12 లక్షల వ్యాగన్లు ఒకే గొడుగు కిందికి వచ్చాయి. అప్పుడు నియమం తేలికైంది: వాక్యూమ్ బ్రేకు లేని వ్యానుకు బూడిద, ఉన్నదానికి ఇటుక రంగు.

ఇది అలంకారం కాదు. బ్రేకు లేని వ్యాన్లతో కూర్చిన బండిని ఆపాల్సింది ముందున్న ఇంజను, వెనుకున్న గార్డు వ్యాను మాత్రమే. ఏ వ్యానును ఏ బండికి తగిలించాలో యార్డులో మనిషికి దూరం నుంచే తెలియాలి. రంగు ఆ మాట చెప్పింది. ప్యాసింజర్ బండి వేగానికి తట్టుకునే వ్యాన్లకు ఎక్స్‌పీ అని రాసేవారు. లోపలి చల్లదనం నిలవాల్సిన వ్యాన్లకు ఎండ తగ్గాలని తెలుపు వేసేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో రంగు కరువై, పచ్చి చెక్కను అలాగే వదిలి అక్షరాల కింద మాత్రం చారెడు రంగు పూసిన వ్యాన్లు తిరిగాయి. యుద్ధం ఆఖరికి రంగు డబ్బానూ వదల్లేదు.

కాలం చెల్లిన వ్యాన్లలో చాలావాటిని తుక్కు చేశారు. కొన్నిటి పెట్టెలను రైతులకు అమ్మేశారు. వాటిలో కోళ్లు కాపురం చేశాయి, గడ్డి దాచారు. ఇప్పుడు మోడలర్లు పొలాల వెంట తిరిగి వాటిని కొలుస్తారు, పొరలు పొరలుగా రంగు గీకుతారు. 1950లో మొదలైన హిస్టారికల్ మోడల్ రైల్వే సొసైటీకి డెర్బీషైర్‌లోని బటర్లీలో సొంత అధ్యయన కేంద్రమే ఉంది. నమూనా వ్యాన్ల మీద అతికించే అక్షరాలను కూడా తయారు చేయించి అమ్మింది. విశ్వవిద్యాలయాలు చిన్నవని వదిలేసిన ప్రశ్నలను పట్టుకుని, ఆధారం చూపనిదే ఒప్పుకోని పద్ధతి వీరిది. చరిత్రకారుడికి ఉండాల్సిన లక్షణం ఇంతకన్నా ఏముంది?

ఈ వ్యాన్ల మధ్య నిలబడ్డ తెలుగువాడికి సొంత ఊరి యార్డు గుర్తుకు రాక మానదు. మన పట్టాల మీదా ఇలాగే కంపెనీల బండ్లు తిరిగాయి. బెజవాడ దగ్గర నిజాం రైల్వే, మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే కలిశాయి. వాల్తేరులో మద్రాసు కంపెనీ, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ముఖాముఖి నిలిచాయి. 1950లో నిజాం రైల్వే కేంద్రం చేతికి వచ్చింది. 1951లో మద్రాసు కంపెనీ దక్షిణ రైల్వేలో కలిసింది. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. కంపెనీలు పోయాయి, రెడ్ ఆక్సైడ్ మిగిలింది.

మన ప్రదర్శనశాలల్లోనూ పెద్దపీట పెద్దవారిదే. ఢిల్లీ చాణక్యపురిలో 1977లో తెరిచిన నేషనల్ రైల్ మ్యూజియంలో జనం ముందు వెళ్లేది 1875 నాటి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ సెలూన్ వైపు, మైసూరు మహారాజా పెట్టె వైపు. భారతీయ బండిని నమూనా చేయాలనుకునేవారికి కొలతల దగ్గరే కష్టం. ప్రపంచంలో విరివిగా దొరికే చిన్న పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. 87వ వంతు కొలతలో మన బ్రాడ్ గేజ్‌కు 19 మిల్లీమీటర్లు దాటాలి. అయినా పట్టు విడవనివారు ఉన్నారు. పుణెలో 1998లో తెరిచిన జోషీ సూక్ష్మ రైళ్ల మ్యూజియం అలాంటి పట్టుదలకు సాక్ష్యం.

మన వ్యాగన్లకూ సొంత భాష ఉంది. బీసీఎన్‌లో బి అంటే బోగీ, సి అంటే కప్పు ఉన్నది, ఎన్ అంటే ఎయిర్ బ్రేకు. పక్కన ఉండే 11 అంకెల సంఖ్యలో మొదటి రెండు రకాన్ని, తర్వాతి రెండు యజమాని రైల్వేను, ఆ తర్వాతి రెండు తయారైన ఏడాదిని చెపుతాయి. మూడు, నాలుగు స్థానాల్లో 09 ఉంటే అది దక్షిణ మధ్య రైల్వేది. ఓవర్‌హాల్ ముగిశాక మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ స్టెన్సిల్‌తో కొడతారు. ప్లాట్‌ఫారం మీద నిలబడి గూడ్సు వెళ్లే దాకా విసుక్కునే మనకు, ఎదురుగా పుస్తకం తెరుచుకుని కదిలిపోతున్న సంగతి తట్టదు.

ఆ పుస్తకంలో పాత పేజీలు చిరిగిపోయాయి. వాక్యూమ్ బ్రేకుల నాలుగు చక్రాల వ్యాన్లు పోయాయి. మీటర్ గేజ్ పోయిన చోటల్లా దాని వ్యాన్లూ పోయాయి. నిజాం రైల్వే రోజుల్లో పనిచేసిన ఇరవయ్యేళ్ల కుర్రాడు ఈనాడు ఉంటే తొంభై దాటి ఉంటాడు. కానీ 1970లలో లాలాగూడలోనో, మరో వర్క్‌షాపులోనో చేరి, రంగు కలిపి, అక్షరాలు దిద్దిన పెయింటర్లు ఇప్పుడు డెబ్భైలలో ఉన్నారు. రంగు ఏ పాళ్లలో కలిపేవారో, స్టెన్సిల్ ఎలా కోసేవారో, కరువు రోజుల్లో ఏ అక్షరం మానేసేవారో వారి చేతులకు తెలుసు. యార్క్‌లో మోడలర్లు వందేళ్ల నాటి ఫొటోలో నలుపును చూసి ఎరుపేమోనని తలపట్టుకుంటున్నారు. మనకు ఇంకా అడగడానికి మనుషులు ఉన్నారు. ఒక ఫోను, ఒక మధ్యాహ్నం వెచ్చిస్తే చాలు. ఆలస్యం చేస్తే మనకూ మిగిలేది మహారాజుల సెలూన్లే.