రోహిణి మొదలు విశాఖ వరకు

మా యూరు అరసికెరె. ఈ పేరు చెప్పగానే వినువారిలో పలువురు "ఆ రైలు జంక్షనా?" యని యడుగుదురు. అది హాసన జిల్లాలోని అరసికెరె. మాది తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోనిది. మాకు రైలు లేదు. నేను ఉద్యోగములో నున్న దినములలో నాకు రావలసిన జాబులు రెండు మూడు మారులు ఆ యూరికి పోయి, అచ్చటి ముద్ర కొట్టించుకొని, తీరికగా నాకడకు వచ్చినవి. కన్నడమున అరసి యనగా రాణి, కెరె యనగా చెరువు. పేరులో చెరువున్నంత మాత్రమున ఊరిలో నీరుండునని తలపరాదు.

పావగడ తాలూకా కర్ణాటకములోనిదే యైనను, దానికి ఇంచుమించు అన్ని ప్రక్కలను ఆంధ్రదేశపు పొలిమేరలే. అందుచేత మాకు కచ్చేరిలో కన్నడము, ఇంటిలో తెలుగు. ముప్పదియైదేండ్లు నేను గుమాస్తాగా కన్నడములో టిప్పణులు వ్రాసితిని. కోపము వచ్చినప్పుడు మాత్రము తెలుగే వచ్చెడిది. నా తెలుగు చదువు మా తాతగారి పెద్దబాలశిక్షతో మొదలై, దాదాపు అచ్చటనే ఆగినది. మెట్రిక్యులేషన్ కన్నడములో ప్యాసైనవాడను. వ్యాసములో తప్పులున్నచో చదువరులు మన్నింతురు గాక.

గ్రీష్మము, వర్షము, శరత్తు అనునవి పంచాంగములోని మాటలు. మా పల్లెలో కాలమును కొలుచునవి కార్తెలు. రోహిణిలో రోళ్లు పగులును, మృగశిరలో కన్నులు మింటికి తిరుగును, విశాఖకు వచ్చునప్పటికి ఆ యేటి బ్రదుకేమో తేలిపోవును. ఈ నడిమి ఐదున్నర నెలలలో 2023వ సంవత్సరమున మా యింట జరిగిన సంగతులను మాత్రమే వ్రాయుచున్నాను. ఇందు గొప్ప విశేషము లేమియు లేవు.

మాకు మా తండ్రిగారి నాటి మూడెకరముల మెట్ట కలదు. అందు పండునది వేరుసెనగ. మేము చెనిక్కాయ యందుము. ఎనిమిది సాళ్లకొక కందిసాలు, గట్టు వెంబడి ఆముదములు. విత్తనము 1940లో తిండివనములో వెలువడిన టి.ఎం.వి.-2 రకము. తరువాత కదిరి పరిశోధన కేంద్రమువారు మేలైన రకము లెన్నియో తెచ్చిరి గాని, మా ఆవిడ మాత్రము "మా అత్త యిచ్చిన ఇత్తనం" అని దీనినే పట్టుకొని యున్నది.

రోహిణి కార్తెలో మా యింటి పని విత్తనపు కాయ లొలుచుట. ఎండకు బయట కాలు పెట్టలేము గనుక నడవలో చాపలు పరచి అందరము కూర్చుందుము. మనుమనికిని మనుమరాలికిని సేరు పప్పుకు మూడు రూపాయలు కూలి యని నేను ప్రకటించితిని. మనుమడు ఏడవ తరగతి. వాని పప్పు మూడు దినములు చెల్లెలి పప్పుకంటె రెట్టింపు కొలతకు వచ్చెను. నాలుగవ దినమున నేను గుమాస్తా బుద్ధితో సేరును తిరుగబోసి చూడగా, అడుగున అంతయు పొట్టు. వాడు సిగ్గుపడక "తాతా, నువ్వు పైపైన చూసే సంతకం పెట్టినావు గదా!" యనెను. కచ్చేరిలో నన్నిట్లు ఎవ్వరును నిలదీయలేదు.

ఆ యొలుపులు ముగియునాటికి మా ఆవిడ, ఒలువని కాయలు రెండు మూటలు కట్టి అటక యెక్కించెను. కోడలు "అదేల అత్తా?" యనగా "నూనెకు" అనినది. ఇంటిలో నూనె యుండగా మరల నేల యని కోడలును అడుగలేదు, నేనును అడుగలేదు.

అప్పుడే ఇంటిలో ఒక వాదము నడచుచుండెను. మా కుమారుడు సౌరవిద్యుత్తు స్థావరమున పలకలు కడుగు పనివాండ్రకు మేస్త్రీ. ఆ స్థావరము మా తాలూకాలోనే తిరుమణి, వళ్లూరు, బాలసముద్రము మొదలగు ఐదు గ్రామముల భూములలో 2018లో విద్యుత్తునిచ్చుట మొదలిడినది. పదుమూడువేల యెకరములు, 2,050 మెగావాట్ల శక్తి. భూములను అమ్మించక కౌలుకు తీసికొని, ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలతో ఆరంభించిరి. మా పొలము ఆ వైపుది కాదు. ఐనను మావాడు ప్రతి రాత్రియు భోజనమునొద్ద ఆ లెక్కయే చెప్పెడివాడు.

"వాళ్లకు వాన రాకుంటేనే మేలు నాయనా. ఎండే వాళ్లకు పంట. మనము వానకోసం నోరు తెరుచుకోని కూసోవాల. ఎవురు తెలివైనోళ్లు?"

వాని మాట యేమనగా, విరమణ సమయమున నాకు వచ్చిన సొమ్ములో మిగిలిన రెండు లక్షలు పెట్టి బోరు వేయింపవలెను, లేదా పొలము అమ్మివేయవలెను. మా ప్రాంతపు బోరుల కథ నాకు తెలియును. వందలాది అడుగులు దిగినను నీరు పడునని జామీను లేదు. పడిన నీటిలో ఫ్లోరైడు. మా తరమువారి పండ్ల మీది గోధుమరంగు చారలు ఆ నీటి సంతకములే. త్రాగు నీటిని ఇప్పుడు శుద్ధికేంద్రము నుండి క్యానులలో తెచ్చుకొందుము. కనుక నేను "నా కన్ను మూసిన తరువాత ఏమైనను చేయుము" అంటిని. ఇట్టి మాట పలుకుట పెద్దలకు మిక్కిలి సులభము, పిల్లలకు మిక్కిలి కష్టము. ఆ రాత్రి వాడు మజ్జిగ పోసికొనకయే లేచిపోయెను.

మృగశిరలో ఒక సాయంకాలము వాన కురిసెను. మట్టిలో వ్రేలు పెట్టి చూడగా నాలుగు వ్రేళ్ల తడి. కుమారుడు "ఇది పైపదును నాయనా, ఇప్పుడే ఎయ్యొద్దు, ఇంకొక వాన రానీ" యనెను. వచ్చిన కాగితమును ఆనాడే పంపివేయవలెనని ముప్పదియైదేండ్లు నేర్చిన ప్రాణము నాది. అదిగాక, వాని మాట విన్నచో వాదములో ఓడినట్లగును. ట్రాక్టరు పిలిపించి మూడెకరములను మరునాడే విత్తించితిని. నిజము చెప్పవలెనన్న ఆ దినమున విత్తినది నా పంతము.

ఆ దినములలోనే మరియొక వినోదము జరిగినది. 2023 జూన్ 11 నుండి కర్ణాటక ప్రభుత్వమువారు సాధారణ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము కల్పించిరి. హిందూపురము నుండి వచ్చిన చెల్లెలిని వెంటబెట్టుకొని మా ఆవిడ పావగడ శనేశ్వరస్వామి దర్శనమునకు బయలుదేరెను. కండక్టరు ఈమెకు సున్న రూపాయల టిక్కెట్టు చించి యిచ్చి, చెల్లెలి ఆధారు కార్డున ఆంధ్రదేశము కనబడగా డబ్బులడిగెను. "ఇద్దురూ ఒక తల్లి బిడ్డలమే, ఒకరికి టిక్కెట్టు, ఒకరికి లేదా?" యని మా ఆవిడ బస్సులో న్యాయస్థానము పెట్టినది. ఆ కండక్టరు చతురుడు. "తల్లి ఒకటే అక్కా, రాజ్యాలు రెండు" అనెనట. ఆ సున్న టిక్కెట్టు నేటికిని మా దేవుని గూటిలో కుంకుమ భరిణ క్రింద నున్నది. 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రదేశములోను అక్కడి స్త్రీలకు ఈ సౌకర్యము కలిగినది గనుక, ఇప్పుడు చెల్లెలి యూరికి పోయినప్పుడు టిక్కెట్టు కొనవలసినది మా ఆవిడయే.

ఆరుద్ర పోయెను, పునర్వసు వచ్చెను; రెండవ వాన రాలేదు. మొలచిన మొలక సగము, అందు సగము మాడెను. నేను ప్రొద్దున పొలమునకు పోవుట మానితిని. కుమారుడు ఒక్క మాటయు అనలేదు. అనియుండిన బాగుండెడిది.

పుష్యమిలో, జులై కడపటి వారమున, మంచివాన పడెను. జానెడు లోతు తడిసినది. ఊరంతయు విత్తుచుండగా నేను వసారాలో పత్రిక చదువుచున్నట్లు నటించుచు కూర్చుంటిని. అప్పుడు మా ఆవిడ నిచ్చెన వేయించి అటక మీది రెండు మూటలను దింపించి, నా కాళ్లకడ పెట్టించి, "కూసోండి, ఒలవాల" అనెను.

"నూనెకంటివి గదా?"

"విత్తనం అంటే ముందే అంతా పోసేసి ఉందురు."

ఆ రాత్రి రెండు జాములు దాటువరకు అందరము ఒలిచితిమి. కూలి యడిగినవారు లేరు. మనుమని సేరులో పొట్టు లేదు, చూచితిని.

తరువాతి ఆగస్టు సంగతి దేశమంతటికిని తెలిసినదే. 1901 నుండి యున్న లెక్కలలో అంత తక్కువ వాన పడిన ఆగస్టు లేదు. దేశమున సగటుకంటె నూటికి 36 వంతులు తక్కువ. ఆ యేడు అధిక శ్రావణము కూడ వచ్చినది. రెండు శ్రావణములున్నను చినుకు లేదు. ఆగస్టు 23 సాయంకాలము చంద్రయాన్-3 చంద్రునిపై దిగుట చూచుటకు ఇరుగుపొరుగువారందరును మా నడవకు వచ్చిరి. దిగగానే పిల్లలు కేకలు వేసిరి, నా కన్నులును చెమర్చినవి. బయటికి వచ్చి చూడగా మింట ఒక్క మబ్బు తునుకయైన లేదు. దక్షిణ ధ్రువము చెంత మంచురూపమున నీరుండుననియు, అందుకే అచ్చట దింపిరనియు మనుమడు జేజికి బోధించుచుండెను. ఆమె సావధానముగా విని, "నీళ్లు ఉంటే మన చేని పక్కకు కూడా ఒకటి దింపమను" అనినది.

వేరుసెనగ స్వభావమును ఎరుగనివారి కొరకు ఇచ్చట రెండు మాటలు. ఇది పూచుట నేల మీద, కాచుట నేల లోపల. పూవు రాలిన తరువాత ఊడ క్రిందికి దిగి మట్టిలో గ్రుచ్చుకొనవలెను. ఆ పది పదునైదు దినములు నేల మెత్తగా నుండవలెను. గట్టిపడెనా, ఊడ కొన పైననే ఎండిపోవును. చెట్టు పచ్చగనే కనబడును గాని క్రింద కాయ యుండదు. మా చేను సెప్టెంబరు తొలిదినములలో సరిగా ఆ దశలో నుండెను.

ఒక రాత్రి కుమారుడే మాట కదిపెను. "మూడెకరాలూ కాదు నాయనా. దావ పక్క అరెకరం నిలబెడదాం. టాంకరు తెప్పిస్తా. విత్తనమన్నా మిగలాల గదా, అమ్మ మళ్లీ ఏం దాస్తుంది?"

నేను మాట్లాడక మరునాడు డిపాజిట్టు రసీదును విరిపించి కొంత సొమ్ము వాని చేత పెట్టితిని. నా జీవితమున గడువునకు ముందు విరిపించిన రసీదు అదియొక్కటియే. వారమునకు రెండు మారులు టాంకరు వచ్చెడిది. పగలెల్ల పలకలు కడిగించి వచ్చిన మా వాడు రాత్రి లాంతరు వెలుగున ఆ పొడుగాటి గొట్టమును భుజమున వేసికొని సాలు సాలుకును నీరు చిమ్మెడివాడు. కోడలు గొట్టము మెలిక పడకుండ లాగెడిది. పిల్లలు చెంబులతో చివరి సాళ్లకు. చేని పండుగలను ఎగతాళి చేసినవాడు ఊడలను మునివ్రేళ్లతో తడవి చూచుట నేను గట్టు మీద నుండి చూచితిని. వానికి నేనచ్చట నున్నట్లు తెలియదు.

సెప్టెంబరు 18న వినాయక చవితి. ఆ రాత్రి అడవిపందులు వచ్చునని కాపునకు నేనును మనుమడును మంచె యెక్కితిమి. రెండవ జామున ఆముదపు చెట్లలో పెద్ద అలికిడి. నేను డబ్బా వాయించితిని. వాడు కేకలు వేసెను. చెట్లలోనుండి "నేనే లేండి, కుడుములు తెచ్చినా" అని మా ఆవిడ గొంతు వినబడెను. కంగారులో కుడుములు సగము నేలపాలాయెను. తెల్లవారి చూడగా వానిని పందులు నిజముగనే తిని పోయినవి. మరి చేను ముట్టలేదు. ఇది విఘ్నేశ్వరుని కృపయని ఆమె వాదన.

ఉత్తర కార్తెలో ఒక్క మంచి వాన పడినది. మిగిలిన రెండున్నర యెకరములకు అది ఆలస్యమైన వాన. హస్తకు కొండ సీతాఫలములు అంగడికి వచ్చెను. గట్లపై గునుగు పూచెను. అక్టోబరు 14న మహాలయ అమావాస్యనాడు పితృదేవతలకు నీళ్లు వదలునప్పుడు నాన్నగారికి చేని సంగతి కూడ మనసులో విన్నవించితిని. దసరా సెలవులకు పిల్లలు చేనిలోనే ఆడుకొనిరి. ఆకాశము కడిగినట్లు నీలముగా నుండెను. ఆ నీలమును పంచాంగమువారు శరత్తు అందురు.

విశాఖ ప్రవేశమున, దీపావళికి ముందు, చెట్లు పెరికితిమి. నీరు పోసిన అరయెకరమున ఆరు బస్తాలు. మిగిలిన రెండున్నర యెకరములన్నిటికిని ఏడు. మంచి యేడు మూడెకరములలో ముప్పదికి తక్కువ కాదు. కర్ణాటకములోని 236 తాలూకాలలో 223 ఆ యేడు కరువు తాలూకాలుగా ప్రకటింపబడినవి. వానిలో మాదియు నొకటి. ఖర్చును వ్రాసి కూడగా నష్టమే తేలెను. ఆ కాగితమును మా వాడు చేత పట్టుకొని చాలసేపు చూచి, మడిచి నా చేతికిచ్చి, "వచ్చే ఏడు రెండో వానకే ఎయ్యాల నాయనా" అనెను. పొలము అమ్మవలెనను మాట ఆ రాత్రి రాలేదు. బోరు మాట మాత్రము వచ్చినది, ఇప్పటికిని వచ్చుచునే యున్నది.

కాయలు ఎండిన తరువాత మా ఆవిడ అరయెకరపు రాశి నుండి నిండు కాయలేరి రెండు మూటలు వేరుగా కట్టెను. అటక యెక్కించుటకు ముందు మసిబొగ్గు నా చేతికిచ్చి, మూటలపై గురుతు వ్రాయుమనినది. "విత్తనము అని వ్రాయనా?" అంటిని. ఆమె నావంక చూచినది. నేను కచ్చేరిలో వ్రాసినట్టి గుండ్రని అక్షరములతో, రెండింటి మీదను, "నూనెకు" అని వ్రాసితిని.