మువ్వురు కన్నియలు

చిత్రకారుని యభివృద్ధి యనగా హస్తకౌశలము హెచ్చుటయే యని మనలో బెక్కురు తలంతురు. అమృతా షేర్‌గిల్ జీవితము నెఱిగినవారి కీ తలంపు నిలువదు. సిక్కు తండ్రికిని, హంగేరీదేశపు తల్లికిని 1913లో బుడాపెస్టున జనించిన యీమె పదునాఱేండ్ల ప్రాయమున పారిసు జేరి తైలవర్ణచిత్రణము నభ్యసించెను. 1932లో వ్రాసిన ‘యువతులు’ అను చిత్రము మూలమున మఱుసటియేడు అచ్చటి గ్రాండ్ సలోన్ వా రామెను సహసభ్యురాలిగా నెన్నుకొనిరి. కౌశలమే గమ్యమైనచో నామెకు బారిసు చాలును. కాని 1934 చివర స్వదేశమునకు మరలివచ్చెను.

మఱుసటి సంవత్సరము వ్రాసిన ‘మువ్వురు కన్నియలు’ చూడుడు. ముగ్గురు పిల్లలు దగ్గఱగా గూర్చుండియు ఒకరి మొగ మొకరు చూడరు, మనవంకయు జూడరు. ఉడుపుల రంగులు వెచ్చనివి. మొగములలో నా వెచ్చదనము లేదు. చేతిలో పుస్తకము లేదు, పని లేదు. ఏదియో జరుగుటకై వేచియున్నారు; దానిని నిర్ణయించువారు చిత్రమునకు వెలుపల నున్నారు. వసారాలో పెద్దలు కట్నకానుకల మాట లాడుకొనుచుండగా లోపలిగదిలో తలవంచుకొని కూర్చున్న పిల్లను మన యిండ్లలో జూడనివా రెవరు? ఆ పిల్ల యేమి తలపోయుచున్నదో యడిగినవా రరుదు. ఈ చిత్రమునకు 1937లో బొంబాయి ఆర్ట్ సొసైటీ స్వర్ణపతక మొసగినది.

1936లో నామె ‘బాలవధువు’ను వ్రాసెను. బాలికల వివాహమునకు పదునాలుగేండ్లు నిండవలెనని విధించిన శారదా చట్టము 1930లోనే యమలులోనికి వచ్చినది. ఆ మొగమును జూచినచో నాఱేండ్లకును చట్టము గడప దాటలేదని తెలియును.

ఒక యాక్షేపణ కలదు: సంపన్నకుటుంబపు స్త్రీ పేదల విచారమును సౌందర్యముగా జేసికొన్నదని. సిమ్లాలో కొండవాసులను వ్రాసిన తొలిచిత్రముల విషయమున నిది కొంత నిజమే యని నా యభిప్రాయము. అందఱును నొకే దుఃఖమునకు బ్రతిమలు. కాని యామె యచ్చట నాగలేదు. నాటి నిజాం రాజ్యములోని అజంతా, ఎల్లోరాలను, కొచ్చి రాజభవనపు కుడ్యచిత్రములను జూచిన పిమ్మట 1937లో ‘వధువు అలంకరణము’ వ్రాసెను. 1938లో వివాహమైన పిదప గోరఖ్‌పూరు కడ సరాయా గ్రామమున నుండి, మొగలు, పహాడీ చిత్రముల తెన్నున చిన్నపటములు వ్రాసెను. వెలుగునీడలతో నాకారమును బలియజూపు పారిసు పద్ధతి తగ్గి, సమతలమైన రంగులే ప్రధానములైనవి. వీనిలోని స్త్రీలు విచారమునకు గుర్తులు గారు. ఒకతె జడ వేయించుకొనుచున్నది. ఒకతె యుయ్యాల లూగుచున్నది. ఒకతె నులకమంచముపై నడుము వాల్చినది.

1941 డిసెంబరు 5న లాహోరులో, తన ప్రదర్శనమునకు గొలదిదినముల ముందు, ఇరువదియెనిమిదేండ్లకే మరణించెను. అప్పుడు వ్రాయుచున్న పటములో గిటికీనుండి కనబడు మేడలును, క్రింద నల్లని గేదెలును గలవు. అది పూర్తికాలేదు.